నడినెత్తి దాటిన సూర్యుడికి పన్నెండు నమస్కారాలు

జూన్ 21 మధ్యాహ్నం పన్నెండుంబావుకు పడమటి నెల్లూరులోని ఉదయగిరిలో ఒక మీటరు కర్రను నేల మీద నిటారుగా నిలబెడితే దాని నీడ దక్షిణం వైపు పడుతుంది. పొడవు జానెడు కూడా ఉండదు, సుమారు 15 సెంటీమీటర్లు. అదే కర్రను డిసెంబరు 21న నిలబెడితే నీడ ఉత్తరానికి 79 సెంటీమీటర్లు సాగుతుంది. ఏడాదిలో ఎక్కువ రోజులు మధ్యాహ్నపు నీడ మనకు ఉత్తరానే ఉంటుంది. మే మొదట్లో ఒక రోజు కాళ్ళ కిందికి చేరి మాయమై, అక్కడి నుంచి ఆగస్టు రెండో వారం దాకా దక్షిణం పక్కన ఉంటుంది. ఉదయగిరి, ఆత్మకూరు రెండూ 15 డిగ్రీల ఉత్తర అక్షాంశానికి కాస్త దిగువన ఉన్నాయి. సూర్యుడు 23.4 డిగ్రీల దాకా ఉత్తరానికి వెళతాడు. అంటే వేసవి అయనాంతం నాడు ఆయన మన నడినెత్తిని దాటి మరో ఎనిమిదిన్నర డిగ్రీలు పైకి వెళ్ళి ఉంటాడు.

ఆ రోజే అంతర్జాతీయ యోగా దినోత్సవం. 2014 సెప్టెంబరు 27న ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభలో భారత ప్రధాని ఈ ఆలోచన ముందుపెట్టారు. ఉత్తరార్ధగోళంలో పగలు అన్నిటికంటే పొడవైన రోజు కాబట్టి జూన్ 21ని ఎంచుకున్నారు. ఆ డిసెంబరు 11న 177 దేశాలు సహప్రతిపాదకులుగా నిలవగా తీర్మానం ఆమోదం పొందింది. 2025లో దేశపు ప్రధాన వేడుక మన విశాఖపట్నంలో జరిగింది. ఆర్కే బీచ్ నుంచి ఉత్తరానికి సాగిన తీరం వెంట మూడు లక్షల మందికి పైగా ఆసనాలు వేశారు. అంతకు ముందు నెల రోజుల పాటు ‘యోగాంధ్ర’ పేరిట రాష్ట్రమంతా శిక్షణ నడిచింది. జూన్ 20న ఆంధ్ర విశ్వవిద్యాలయంలో 20 వేలకు పైగా గిరిజన విద్యార్థులు 108 నిమిషాల్లో 108 సూర్యనమస్కారాలు చేశారు. నమస్కారానికి ఒక నిమిషం. అంతమంది పిల్లలు ఆ లయను చివరిదాకా నిలబెట్టడం మాటల్లో చెప్పలేని క్రమశిక్షణ.

ఈ వ్యాసంలో నేను చూపించదలచింది ఆ సూర్యనమస్కారం అల్లికనే. అందులోని కీళ్ళు ఎక్కడున్నాయి, పడమటి నెల్లూరు మెట్టలో, ఆ ఎండలో, అయనాంతం నాడు దాన్ని ఎలా సవరించుకోవచ్చు అన్నది నా విషయం. సవరణకు ఇంత ఒదిగే వ్యాయామం మరొకటి నాకు తెలియదు. దాని పనితనమంతా అక్కడే ఉందని నా నమ్మకం.

ఎవరి ఎండ వారిది

న్యూయార్క్ టైమ్స్ స్క్వేర్‌లో 2003 నుంచి అయనాంతం నాడు నడివీధిలో చాపలు పరచుకుని యోగా చేస్తున్నారు. అక్కడ ఆ రోజు పగలు 15 గంటలు. లండన్‌లో అయితే 16 గంటల 38 నిమిషాలు, డిసెంబరులో ఎనిమిది గంటలకు లోపే. సగానికి సగం తేడా ఉన్న చోట పొడవైన పగలు వరంలా అనిపిస్తుంది. మన ఉదయగిరిలో జూన్ 21 పగలు 13 గంటలు, డిసెంబరులో పదకొండుంబావు. తేడా గంటా ముప్పావు మాత్రమే. మనకు ఎండ కరువు ఎప్పుడూ లేదు.

పైగా మన కాలగణనలో ఆ రోజుకు ముందే ఒక చోటుంది. రోహిణి కార్తె ఎండలకు రోళ్ళు పగులుతాయని సామెత. రోహిణి పోయి జూన్ 8 ప్రాంతంలో మృగశిర వస్తుంది. అయనాంతం మర్నాడో, అటూ ఇటుగానో ఆరుద్ర కార్తె మొదలవుతుంది. తక్కిన తెలుగు నేలలో మృగశిరకే చల్లబడి, ఆరుద్రలో విత్తనం పడుతుంది. నెల్లూరుకు అసలు వానలు అక్టోబరు, నవంబరుల్లో ఈశాన్య రుతుపవనంతో వస్తాయి. అందుకని జూన్ మూడో వారంలో కూడా మెట్టలో పడమటి గాలి వడగాలిగానే కొడుతుంది. జ్యేష్ఠంలో నర్రవాడ వెంగమాంబ పేరంటాలు బ్రహ్మోత్సవాలకు వెళ్ళే జనం ఆ ఎండను ఎరిగినవాళ్ళే. ఇలాంటి చోట అయనాంతపు వేడుక అంటే సూర్యుడిని ఇంకా కావాలని అడగడం కాదు. ఏడాదికోసారి తన దారిలో చివరికంటా వచ్చిన ఆయన్ను మన ఒంటికి పడే కొలతలో పలకరించడం.

పన్నెండు మెట్ల అల్లిక

యోగ కేంద్రాల్లో ఎక్కువగా నేర్పే పన్నెండు భంగిమల నమస్కారాన్నే తీసుకుందాం. చేతులు జోడించి నిలబడే ప్రణామాసనం ఒకటి. చేతులెత్తి వెనక్కి వంగే హస్త ఉత్తానాసనం రెండు. ముందుకు వంగి అరచేతులు పాదాల పక్కన ఆనించే పాదహస్తాసనం మూడు. ఒక కాలు వెనక్కి చాచే అశ్వసంచాలనం నాలుగు. రెండు కాళ్ళూ వెనక్కి పోయి నడుము పైకి లేచే పర్వతాసనం ఐదు. అష్టాంగ నమస్కారం ఆరు, భుజంగాసనం ఏడు. ఎనిమిదో మెట్టులో మళ్ళీ పర్వతం, తొమ్మిదిలో అశ్వసంచాలనం, పదిలో పాదహస్తం, పదకొండులో హస్త ఉత్తానం, పన్నెండులో ప్రణామం.

వరుసను కాగితం మీద రాసి చూడండి. ఒకటీ పన్నెండూ ఒకటే. రెండూ పదకొండూ ఒకటే. మూడూ పదీ, నాలుగూ తొమ్మిదీ, ఐదూ ఎనిమిదీ అంతే. దిగిన మెట్ల మీదుగానే ఎక్కి వస్తాం. నడుమ మిగిలిన ఆరూ ఏడూ మాత్రమే జతలేనివి. అవే మలుపు.

ఇప్పుడు చేతులను గమనించండి. మూడో మెట్టులో నేలకు ఆనిన అరచేతులు పదో మెట్టు దాకా అక్కడి నుంచి కదలవు. ఎనిమిది భంగిమలు ఆ రెండు అరచేతులను ఇరుసు చేసుకుని తిరుగుతాయి. కాళ్ళు వెనక్కి పోయినా, ఛాతీ నేలను తాకినా, నడుము ఆకాశానికి లేచినా చేతుల చోటు మారదు. అందుకే ఇంత కదలిక ఒక చాపలో ఇమిడిపోతుంది. పట్టే స్థలం మనిషి నిలువెత్తు పొడవు, భుజాల వెడల్పు. ఇరుకు వరండాలోనూ, బడి మైదానంలో వేలమంది మధ్యనూ ఒకే కొలతతో చేయగలగడానికి కారణం ఈ ఇరుసే.

ఊపిరి కూడా అంత లెక్కగానే అమరింది. ఛాతీ విచ్చుకునే చోటల్లా గాలి లోపలికి, పొట్ట నొక్కుకునే చోటల్లా బయటికి. రెండులో పూరకం (పీల్చడం), మూడులో రేచకం (వదలడం), నాలుగులో పూరకం, ఐదులో రేచకం. ఎవరూ చెప్పకపోయినా వెన్నెముక కదలికే ఊపిరిని ఆ వైపు నెడుతుంది. ఆరో మెట్టులో మాత్రం వదిలిన ఊపిరి వదిలినట్టే ఉంటుంది. రెండు పాదాల వేళ్ళు, రెండు మోకాళ్ళు, రెండు అరచేతులు, ఛాతీ, గడ్డం, ఈ ఎనిమిదీ నేలకు ఆని ఉన్న ఆ క్షణంలో గాలి రాదు, పోదు.

అయనాంతానికి ఈ అల్లిక సరిపోయేది ఇక్కడే. మార్చి చివర్లో, విషువత్తు రోజుల్లో, సూర్యుడు రోజుకు దాదాపు 0.4 డిగ్రీల చొప్పున ఉత్తరానికి జరుగుతాడు. జూన్ 21 చుట్టూ ఉన్న వారం మొత్తంలో జరిగేది 0.03 డిగ్రీలు. ఉదయించే చోటు రోజుకు రోజు మారినట్టే కనిపించదు. ఆరు నెలలు ఉత్తరానికి నడిచి, నిలిచి, వచ్చిన దారినే వెనుదిరుగుతాడు. దిగిన దారినే ఎక్కే నమస్కారమూ నట్టనడుమ అలాగే ఆగుతుంది. ఆ పోలికను తలచే కట్టారని నేను అనను. కానీ ఆ రోజు ఆరో మెట్టులో నిలిచిన వాడికి అది తట్టక మానదు. అయనాంతపు అభ్యాసంలో మొదటి సవరణ అక్కడే చేయాలి. మిగతా మెట్లు మామూలుగానే సాగనిచ్చి, ఆరులో ఒంటికి ఇబ్బంది లేనంత వరకు ఒక్క క్షణం ఎక్కువ ఆగడం.

ఒక్క అడుగు దగ్గరగా

ఏ పనిలోనైనా కష్టమైన కీలు దగ్గరే పనితనం బయటపడుతుంది. నమస్కారంలో అది ఎనిమిది నుంచి తొమ్మిదికి వచ్చే చోటు. వెనక ఉన్న పాదం ఎగిరి రెండు అరచేతుల మధ్యకు రావాలి. కొత్తవాళ్ళకు పాదం సగం దూరంలోనే పడిపోతుంది. అప్పుడు చేతులు వెనక్కి జరుపుతారు, ఇరుసు చెదిరి తర్వాతి మూడు భంగిమలూ వంకర పోతాయి.

లోపం కాలిలో లేదు, ఊపిరిలో ఉంది. పర్వతాసనంలో గాలి పూర్తిగా వదలకుండానే కాలు లేపితే పొట్ట అడ్డుపడుతుంది. గాలంతా వదిలి, నాభిని లోపలికి లాగి, చూపును రెండు చేతుల నడుమకు తెచ్చి, మోకాలు ఛాతీ వైపు మడిచి, అప్పుడు పూరకంతో పాటు పాదాన్ని వదలాలి. తేలికగా వచ్చి అరచేతుల గీతలో నిలుస్తుంది. పెద్దవాళ్ళకు, పొట్ట ఉన్నవాళ్ళకు అలా కుదరకపోతే రెండో మోకాలు ముందే నేలకు ఆనించి, చేత్తో చీలమండ పట్టి పాదాన్ని ముందుకు తెచ్చుకోవచ్చు. వరుస చెడదు, ఊపిరి లెక్క తప్పదు. బలహీనతకు కూడా చోటిచ్చిన అల్లిక ఇది.

ఉదయగిరి చెక్క గరిటెలకు, చెంచాలకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ పనివాళ్ళు చెక్కలో నార ఎటు పోతుందో చూసి దాని వెంటే ఉలి నడుపుతారు. నారకు అడ్డంగా పోతే గరిటె కాడ విరుగుతుంది. నమస్కారం నేర్పేవారు చేయవలసిందీ అదే. ఒంటి వాలు చూసి దాని వెంట వంచాలి.

మారుతూ వచ్చిన రూపం

ఈ వరుస ఇలాగే ఉండాలని ఎప్పుడూ ఎవరూ గిరిగీయలేదు. మన ఇళ్ళలో రథసప్తమికి, ఆదివారాలకు అరుణ పారాయణతో చేసే సూర్యనమస్కారాల్లో మంత్రమే ముఖ్యం, సాగిలపడటం దాని వెంట వచ్చేది. మహారాష్ట్రలోని ఔంధ్ సంస్థానాధీశుడు భవన్‌రావు పంత్ ప్రతినిధి దాన్ని రోజువారీ వ్యాయామంగా బడుల్లోకి తెచ్చారు. 1938లో ఆంగ్లంలో పుస్తకమే వెలువరించారు. 1930ల్లో మైసూరు రాజాశ్రయంలో యోగశాల నడిపిన తిరుమలై కృష్ణమాచార్య పరంపరలో పట్టాభి జోయిస్ 9 కదలికలతో ఒకటి, 17 కదలికలతో ఒకటి నేర్పారు. మిత్ర, రవి, సూర్య, భాను అంటూ మొదలై భాస్కర దగ్గర ముగిసే పన్నెండు నామాలు చాలా చోట్ల ఉన్నాయి. కొన్ని చోట్ల లేవు. ఎవరి కాలానికి, ఎవరి ఊరికి తగినట్టు వారు మలచుకున్నారు. ఆయుష్ శాఖ యోగా దినోత్సవానికి రూపొందించిన 45 నిమిషాల ఉమ్మడి క్రమంలో సూర్యనమస్కారం లేనే లేదు. ఒంటిని చల్లబరిచే శీతలి ప్రాణాయామం మాత్రం ఉంది. జూన్‌లో భారతదేశపు ఎండ తెలిసినవారు కూర్చిన వరుస అది.

మెట్టకు తగిన కొలత

ఇప్పుడు ఉదయగిరికి వద్దాం. జూన్ 21న ఇక్కడ సూర్యోదయం ఉదయం 5.45 ప్రాంతంలో. సరిగ్గా తూర్పున కాదు, తూర్పు నుంచి 24 డిగ్రీలు ఉత్తరానికి. అంటే తూర్పుకూ ఈశాన్యానికీ నడిమధ్యన. చాప అటు తిప్పి వేసుకోవాలి. దిక్సూచి అక్కర్లేదు. ముందు రోజు పొద్దున సూర్యుడు ఏ చెట్టు పక్కన వచ్చాడో గుర్తుపెట్టుకుంటే చాలు, ఆ వారమంతా అక్కడే వస్తాడు.

108 ఈ నేలకు ఆ రోజు సంఖ్య కాదు. 108 అంటే తొమ్మిది పన్నెండ్లు. అందులో ఒక పన్నెండు తీసుకుంటే సరిపోతుంది. కుడి కాలితో ఒకసారి, ఎడమ కాలితో ఒకసారి కలిపి ఒక ఆవృత్తి, దాన్నే ఇక్కడ ఒకటిగా లెక్కిస్తున్నాను. నెమ్మదిగా చేస్తే ఆవృత్తికి రెండు నిమిషాలు. నేను చేసే వరుస ఇది. అయిదుంబావుకు మెడ, భుజాలు, నడుము, మోకాళ్ళు సడలించే చాలన క్రియలు. అయిదున్నరకు మొదలుపెట్టి మసక వెలుతురులో ఆరు ఆవృత్తులు. సూర్యుడు తల ఎత్తే వేళకు ప్రణామాసనంలో నిలబడి కాసేపు ఏమీ చేయకుండా ఉండటం. తర్వాత తక్కిన ఆరు. ముందూ వెనకా ఆరేసి, నడుమ నిలకడ. ఒక్క నమస్కారపు అల్లికనే మొత్తం అభ్యాసానికి పరచడం అన్నమాట. ఆరు గంటలకల్లా నమస్కారాలు ముగుస్తాయి. ఎండ చురుక్కుమనే లోపు మిగతావి చూసుకోవచ్చు.

మిగతావి అంటే చల్లబరిచేవి. హఠయోగ ప్రదీపిక చెప్పిన ఎనిమిది కుంభకాల్లో, అంటే ఊపిరి నిలిపే ప్రాణాయామాల్లో, సూర్యభేదనం, భస్త్రిక ఒంట్లో వేడి పెంచేవి. సూర్యుడి పండగ కదా అని ఆ రోజు సూర్యభేదనం చేయబోవడం ఈ ఊళ్ళో తగదు. దాన్ని పక్కనబెట్టి శీతలి చేయాలి. నాలుకను గొట్టంలా చుట్టి పెదవుల బయటికి కొద్దిగా చాచి, దాని మీదుగా గాలి పీల్చి, నోరు మూసి, ముక్కుతో వదలాలి. లోపలికి వెళ్ళే గాలి తడి నాలుక మీద నడుస్తూ చల్లబడటం అంగిట్లో స్పష్టంగా తెలుస్తుంది. నాలుక చుట్టుకోవడం అందరికీ రాదు. రానివాళ్ళు పళ్ళు కలిపి వాటి సందుల్లోంచి పీల్చే సీత్కారి చేయవచ్చు. తొమ్మిదో పదో చాలు. దుమ్ము గాలి లేస్తే మానేయాలి, నోటితో పీల్చే గాలికి ముక్కులో ఉన్న వడపోత ఉండదు. ఆ తర్వాత భ్రామరి, చివర నీడపట్టున శవాసనం పది నిమిషాలు.

భంగిమల్లోనూ రెండు చిన్న సవరణలు. రెండో మెట్టులో వెనక్కి బాగా వంగకుండా నిటారుగా పైకి సాగితే చాలు. ఐదో మెట్టు పర్వతాసనంలో ఒక ఊపిరికి బదులు రెండు ఊపిర్లు తీసుకుంటే వేగం దానంతట అదే తగ్గుతుంది. రక్తపోటు, హెర్నియా, వెన్నుపూస జారిన ఇబ్బంది, కళ్ళ జబ్బులు ఉన్నవాళ్ళు, గర్భిణులు వైద్యుణ్ణి అడగకుండా తల కిందికి వంచే మెట్లు చేయరాదు. వాళ్ళు కుర్చీలో కూర్చుని ఒకటి, రెండు, సగం మూడు, మళ్ళీ రెండు, ఒకటి చేసినా వరుస పూర్తయినట్టే. దిగడం, ఎక్కడం రెండూ ఉన్నాయి కదా.

ఉదయగిరి ఒక తీరు, ఆత్మకూరు ఒక తీరు

రెండూ పడమటి నెల్లూరే అయినా ఎండ ఒక్కటి కాదు. ఉదయగిరి వైపు పొడి గాలి. చెమట పట్టింది పట్టినట్టు ఆరిపోతుంది, నీళ్ళు పోతున్నాయని ఒంటికి తెలియదు. అందుకని అక్కడ మొదలుపెట్టే ముందే ఒక గ్లాసు నీళ్ళు తాగాలి, ముగిశాక ఉప్పు వేసిన పలుచటి మజ్జిగ. ఆత్మకూరుకు పెన్న దగ్గర, ఎగువన సోమశిల జలాశయం, కాలువల కింద వరి. నీటి సాగు ఉన్న చోట గాలిలో తడి ఎక్కువ. చెమట ఆరదు, ఒంట్లో వేడి బయటికి పోదు, ఆయాసం ముందు వస్తుంది. అక్కడ మూడు ఆవృత్తులకొకసారి నిలబడి, ఊపిరి మామూలయ్యాకే తర్వాతిది మొదలుపెట్టాలి. పన్నెండు పూర్తి కాకపోతే తొమ్మిదితో ఆపినా లోటు లేదు.

పొద్దున్నే ఉపాధి పనికి, చేను పనికి వెళ్ళేవాళ్ళకు ఆ వేళ కుదరదు. వాళ్ళు పగలంతా సూర్యుడి కిందే వంగి లేచినవాళ్ళు. సాయంత్రం 6.45కు సూర్యాస్తమయం. పడమట వెలిగొండలు ఉన్నందున కొండకు దగ్గరి ఊళ్ళలో నీడ ఇంకాస్త ముందే పరుచుకుంటుంది. మిద్దె మీద కాంక్రీటు రాత్రి దాకా వేడి కక్కుతుంటుంది, వేపచెట్టు కింద మట్టి నేల మేలు. సాయంత్రం మూడు ఆవృత్తులు, ఎక్కువసేపు శవాసనం. పని చేసిన నడుముకు పర్వతాసనం ఇచ్చే సాగుదల మందులాంటిది.

ఇన్ని మార్పులు చేశాక దాన్ని సూర్యనమస్కారం అనవచ్చా అని ఎవరైనా అడగవచ్చు. తప్పకుండా అనవచ్చు. అరచేతుల ఇరుసు అలాగే ఉంది. దిగిన మెట్లే ఎక్కడం అలాగే ఉంది. ఊపిరి లెక్క చెదరలేదు. మలుపు దగ్గర నిలకడ మరింత స్పష్టమైంది. మారినవి సంఖ్య, వేళ, వేగం, చివర కలిపిన చల్లదనం. ధనుర్మాసపు చలిలో ఇదే వరుసను వేగం పెంచి, ఎండలోకి జరిగి, సూర్యభేదనం చేర్చి చేసుకోవచ్చు. ఏది కదలకూడదో, ఏది కదలవచ్చో అంత తేటగా విడదీసి పెట్టడం చిన్న పనితనం కాదు.

పడమటి నెల్లూరులో జూన్ 21న 108 దాకా వెళ్ళలేదని చిన్నబుచ్చుకోనక్కర్లేదు. సూర్యుడే నడక తగ్గించిన వారం అది. మనమూ తగ్గించి, పన్నెండింటినీ ప్రతి మెట్టూ తెలిసి చేస్తే ఈ వరుసను తరాలుగా దిద్దుతూ మనదాకా తెచ్చినవారికి అంతకు మించిన మర్యాద లేదు.